జీవకణపు పొర

నూనెయు నీరును కలియవని మన యెఱ్ఱగుంట్ల వంటయిండ్లలో నందఱెఱుఁగుదురు. ఆ వైరమే మన ప్రాణమునకుఁ గోటగోడ.

ప్రతి జీవకణమును చుట్టియున్న పొరలో ముఖ్యద్రవ్యము ఫాస్ఫోలిపిడ్డు. భాస్వరముగల దీని తల నీటిని గోరును. రెండు కొవ్వు తోకలు నీటిని రోయును. కావునఁ దోకలను లోపల దాఁచుకొని యివి రెండు వరుసలుగా నిలుచును. భాస్వరమును గొలుచు ప్రసిద్ధ విధానమును భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కెతోఁ గలిసి 1925లోఁ బ్రకటించిరి. ఫాస్ఫోలిపిడ్డుల పరిమాణము నెఱుఁగుటకు నదియే యాధారమయ్యెను.

పొర వెలుపలి వరుసలోఁ జక్కెరలు తగిలిన కొవ్వులు గ్లైకోలిపిడ్డులు. ఇవి కణమునకు గుర్తుల వంటివి. ఎఱ్ఱ రక్తకణములపై నీ గొలుసుల చివర నుండు నొక్క చక్కెరలోని భేదమే ఎ, బి వర్గముల భేదము. తగని రక్త మెక్కించినచో నింత చిన్న భేదమే ప్రాణము తీయఁగలదు. కావున రక్తమిచ్చునపుడు వర్గపరీక్ష తప్పనిసరియని మేము విద్యార్థులకు విన్నవించుచున్నాము.