చిల్లర దుకాణం - వడ్డీ లేని అప్పు

సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు చేరువలోని చిలకలగూడ వంటి పేటలలో ఇంటి ముందుగదిలోనే దుకాణం నడుపుకునే స్త్రీకి పెట్టుబడి ఎక్కడిది? బ్యాంకు హామీ అడుగుతుంది. రోజువారీ వడ్డీవాడు గడపకే వస్తాడు. పదివేలకు కాగితం రాయించుకుని, తొమ్మిదివేలు చేతిలో పెట్టి, రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేశాడనుకుందాం. పైకి వడ్డీ వెయ్యి రూపాయలే. కాని అసలు దినదినమూ తగ్గుతూ వస్తుంది గనుక, నిజానికి అది ఏడాదికి నూటికి 80 దాకా పడుతుంది! ఉప్పూపప్పుల మీద మిగిలే లాభం ఏ మూలకు?

1974లో అహమ్మదాబాద్‌లో 'సేవా' సంఘానికి చెందిన నాలుగువేల మంది శ్రామిక స్త్రీలు తలకు పది రూపాయలు వేసుకుని సొంత బ్యాంకు పెట్టుకున్నారు. అది వడ్డీ బ్యాంకే; అయినా పేదరాలి పొదుపే మూలధనం కాగలదని నిరూపించింది. హైదరాబాద్‌లో అంతకుముందే, 1966లో, వడ్డీ లేని అప్పులిచ్చే తూర్ బైతుల్‌మాల్ వెలసింది. ఖర్జె హసనా అంటే తీసుకున్నంతే తిరిగి ఇవ్వడం. అయితే ఇటువంటి సంస్థలు చాలావరకు నగ కుదువ పెట్టుకుంటాయి. నగ లేని ఆమె సంగతి?

అటువంటి వారికి సంఘంలోని స్త్రీల పరస్పర హామీ అక్కరకు వస్తుంది. కాని ఆ హామీయే మెడకు ఉరి కావచ్చు. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల ఒత్తిడి మితిమీరడంతో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసివచ్చింది.

ఇబ్బందిలో ఉన్న ఋణగ్రస్తునికి వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని దివ్య ఖుర్ఆన్ (2:280) ఆదేశం. దుకాణం విషయంలో ఇది దయ మాత్రమే కాదు, వ్యాపార సూత్రం కూడా. పేటవారు జీతాలు వచ్చేదాకా అరువు రాయించుకుంటారు; వాయిదా మాత్రం వారం వారం వచ్చి నిలబడుతుంది. దానిని నెల మొదటి వారానికి జరిపితే ఆమె సరుకు డబ్బు ముట్టకుండానే అప్పు తీర్చగలదు.