దురద తగ్గాక మిగిలే మంట

లైకెన్ స్క్లెరోసస్ అంటువ్యాధి కాదు, శుభ్రత లేక వచ్చేదీ కాదు. ఆడవాళ్ల జననాంగం వెలుపలి చర్మం తెల్లబడి, పలచబడి, రాత్రిళ్లు నిద్రపట్టనివ్వని దురద పెట్టే దీర్ఘకాలిక జబ్బు. దీనికి మొదటి మందు క్లోబెటసాల్ అనే స్టెరాయిడ్ 0.05 శాతం ఆయింట్‌మెంట్. సాధారణంగా మొదటి నెల రోజూ రాత్రి, రెండో నెల రోజు విడిచి రోజు, మూడో నెల వారానికి రెండుసార్లు రాయమంటారు. చాలామందికి దురద తగ్గుతుంది. కొందరికి మంట, కూర్చుంటే నొప్పి, కలయికలో బాధ మిగిలిపోతాయి. మందు పనిచేయలేదని ఆపేసే ముందు కారణం వెతకాలి.

మందు సరిగ్గా పడిందా అన్నది మొదటి ప్రశ్న. స్టెరాయిడ్ అనగానే భయపడి అంటీ అంటనట్టు రాసేవాళ్లు ఎక్కువ. చూపుడు వేలి చివరి గణుపు పొడవున పిండితే వచ్చేది దాదాపు అర గ్రాము. ఒకసారికి అంత చాలు, 30 గ్రాముల ట్యూబు మూడు నెలలు వస్తుంది. అద్దం పెట్టుకుని, తెల్లబడిన చోటే రాయాలి.

స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు ఫంగస్ చేరితే దురద మళ్లీ మొదలవుతుంది. అప్పుడు మందుల షాపులో నాలుగు మందులు కలిపిన క్రీము కొనడం కాదు, పరీక్ష చేయించుకోవాలి. సబ్బు, డెట్టాల్ నీళ్లు, చుక్కలుగా కారే మూత్రం కూడా ఆ చర్మాన్ని రేపుతాయి. ఉత్త నీళ్లతో కడిగి, పలచగా వ్యాజిలిన్ రాస్తే చర్మానికి రక్షణ. నెలసరి ఆగిపోయినవాళ్లలో పొడిబారడం వల్ల మంట పుడితే ఈస్ట్రోజన్ క్రీము మేలు చేస్తుంది. మచ్చకట్టి ద్వారం ఇరుకైతే కలయికలో పగుళ్లు వస్తాయి, దానికి చికిత్స వేరు.

చర్మం నెమ్మదించినా మంట పోకపోతే, బాధ నరాలది కావచ్చు. దాన్ని వల్వోడినియా అంటారు. అక్కడ ఎంత స్టెరాయిడ్ రాసినా లాభం లేదు. నరాల నొప్పి మందులు, కటి కండరాల ఫిజియోథెరపీ కావాలి. పైకి ఏమీ కనపడలేదని ఆ నొప్పిని మనసు భ్రమగా కొట్టిపారేయడం అన్యాయం.

బాధ తగ్గినా వైద్యులు చెప్పిన మేరకు మందు కొనసాగించాలి. ఆస్ట్రేలియాలో ఈ జబ్బున్న 507 మంది మహిళలను పరిశీలించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, మందు క్రమం తప్పకుండా వాడినవాళ్లలో ఒక్కరికీ ఆ చోట క్యాన్సర్ రాలేదు. సరిగా వాడనివాళ్లలో ఏడుగురికి క్యాన్సర్ గానీ, దానికి ముందు దశ గానీ వచ్చింది.

మానని పుండు, గట్టి గడ్డ కనిపిస్తే బయాప్సీకి ఆలస్యం చేయొద్దు. సిగ్గుపడి దాచుకోకండి. గైనకాలజిస్టుకో, చర్మవైద్యులకో "మందు వాడినా ఇంకా మంటగానే ఉంది" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి.