పెంపుడు కుక్కకు పచ్చిమాంసము

మానవుడు మచ్చిక చేసికొన్న జంతువులలో కుక్క మొట్టమొదటిది. ఆవు పాలిచ్చుటకు ముందే, గుఱ్ఱము బండి లాగుటకు ముందే, కుక్క మనుష్యుని ప్రక్కన పరుండి రేయెల్ల కావలి కాచెను. మహాభారతమున ధర్మరాజు మహాప్రస్థానము సాగించినపుడు కడవఱకు ఆయన వెంట నడచినది కుక్కయే. దానిని విడిచి తాను స్వర్గమునకు రానని ఆ ధర్మాత్ముడు పలికెను. మన పల్లెలలో కుక్కను గ్రామసింహమని పరిహాసముగా పిలుచుట కలదు. అయినను దాని విశ్వాసమును పరిహసించువారు లేరు.

1914లో జర్మనీ దేశమున, బాన్ నగరమునకు చేరువనున్న ఓబర్‌కాసెల్ అనుచోట, రాతిగనిలో పనిచేయువారు ఒక పురాతనమైన సమాధిని కనుగొనిరి. అందు ఒక పురుషుడు, ఒక స్త్రీ, వారితో కూడ ఒక కుక్కపిల్ల పూడ్చబడి యుండెను. ఆ సమాధి సుమారు 14,000 సంవత్సరముల నాటిది. ఆ కుక్కపిల్ల పండ్లను పరిశీలించిన శాస్త్రజ్ఞులు అది మరణించుటకు ముందు కొన్ని వారములు తీవ్రమైన జబ్బుతో బాధపడినదనియు, మనుష్యులు దగ్గఱ నుండి సాకనిచో అన్ని దినములు బ్రతికి యుండెడిది కాదనియు 2018లో ప్రకటించిరి. వ్యవసాయ మెఱుగని ఆ కాలమున, వేటకైనను కావలికైనను పనికిరాని ఒక జబ్బుకూనకు ఎవరో ఆహారము పెట్టిరి, నీరు త్రాగించిరి. కుక్కను పెంచుట యనగా దానికి తిండి పెట్టు భారమును మన మీద వేసికొనుట యని ఆదిమానవునికే తెలిసియుండెను.

అయితే ఏ తిండి పెట్టవలెను? ఇది చూచుటకు చిన్న ప్రశ్నయే. కాని దానిని తప్పుగా గ్రహించినచో ఎట్టి కీడు కలుగునో నేను కన్నులార చూచితిని.

మా వీథిలో ఒక గృహస్థుడు జర్మన్ షెపర్డ్ జాతి కుక్కపిల్లను తెచ్చి పెంచెను. ఆయన దయ గలవాడు. ధనమునకు వెనుదీయువాడు కాడు. కుక్క తోడేలు సంతతిదనియు, తోడేలు వండుకొని తినదు గనుక కుక్కకును పచ్చిమాంసమే తగిన ఆహారమనియు ఎవరో ఆయనకు బోధించిరి. నాటి నుండి ఆయన అన్నము మాన్పించి, ఎముక లేని మెత్తని మాంసమును తెప్పించి, మూడు పూటలు పచ్చిదిగానే పెట్టుచు వచ్చెను. పిల్ల ఆశతో తినెను, చూచుచుండగనే బరువెక్కెను. కాని నాలుగవ మాసము దాటునప్పటికి దాని ముందుకాళ్లు వంగిపోయెను. మెట్టెక్కబోయి మూలుగుచు కూలబడెడిది. ఆ యింటి పిల్లవాడు దానిని చేతులపై ఎత్తుకొని పశువైద్యశాలకు పరుగెత్తెను. వైద్యుడు ఎక్స్-రే తీయించి చూచి, “దీనికి తిండి తక్కువ కాలేదు. తిండిలో సున్నపుపాలు తక్కువయినది” అని చెప్పెను.

విద్యార్థులారా! ఆ గృహస్థుడు విన్నమాటలో కొంత నిజము లేకపోలేదు. అందుచేతనే అది అపాయకరమయ్యెను. ఆ మాటలో నిజమెంతయో, పొరపాటెంతయో విడదీసి చూతము.

కుక్కకు పచ్చిమాంసము, పచ్చి ఎముకలు పెట్టు పద్ధతి ఇటీవలి కాలమున అనేక దేశములందు వ్యాపించినది. ఆస్ట్రేలియా దేశపు పశువైద్యుడైన ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ 1993లో ఈ విషయమై ఒక గ్రంథము వ్రాసిన పిమ్మట దీనికి ప్రచారము హెచ్చెను. డబ్బాలలో, సంచులలో అమ్ముడుపోవు ఎండు ఆహారము కంటె ఇది ప్రకృతికి దగ్గఱయనియు, దీనివలన వెండ్రుకలు నిగనిగలాడుననియు, ఎముకలు కొఱుకుటచే పండ్లు శుభ్రపడుననియు ఈ పద్ధతి నవలంబించువారు చెప్పుదురు.

మొదట కుక్కకును తోడేలుకును గల భేదమును గమనింపవలెను. కుక్క తోడేలు సంతతిదే. దాని నోటిలోని 42 పండ్లును, వానిలో పొడవైన నాలుగు కోఱపండ్లును, మాంసమును చీల్చుటకు తగినట్లే యున్నవి. కాని వేలకొలది సంవత్సరములు మనుష్యుని వాకిట మెతుకులు తిని బ్రతికినందున దాని శరీరములో మార్పు కలిగినది. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు మొదలగువారు 60 కుక్కల యొక్కయు, 12 తోడేళ్ల యొక్కయు జన్యువులను పోల్చి చూచి 2013లో ఫలితములను ప్రకటించిరి. పిండిపదార్థమును జీర్ణము చేయు అమైలేజ్ అను ఎంజైమును పుట్టించు జన్యువు తోడేలులో రెండు ప్రతులు మాత్రమే యుండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వఱకు కలవు. కుక్క తన క్లోమమునుండి ఈ ఎంజైమును సమృద్ధిగా స్రవించి, ఉడికిన అన్నమును, సంకటిని చక్కగా జీర్ణము చేసికొనును. కావున తోడేలు తిండియే కుక్క తిండి యనుట సరి కాదు.

రెండవది, మాంసమొక్కటియే పూర్ణాహారము కాదు. తోడేలు సహితము వట్టి కండను మాత్రమే తినదు; చిన్న ఎముకలను నమలును, కాలేయము మొదలైన అవయవములను కూడ తినును. కండలో కాల్షియము మిక్కిలి తక్కువ. భాస్వరము దానికి పదునైదు, ఇరువది రెట్లుండును. ఎదుగు కుక్కపిల్లకు భాస్వరము కంటె కాల్షియమే కొంచెము ఎక్కువ కావలెను. ఆహారమున కాల్షియము లభింపనిచో శరీరము ఊరకుండదు. రక్తములో దాని పరిమాణము తగ్గకుండుటకై ఎముకలనుండియే దానిని లాగికొనును. కోటగోడ రాళ్లు పెఱికి ఇల్లు కట్టుకొన్నట్లు, ఎముకలు లోలోపల గుల్లబాఱి వంగిపోవును. మా వీథిలోని కుక్కపిల్లకు కలిగిన కీడు ఇదియే.

ఇది క్రొత్త సంగతి కాదు. లండన్ జంతుప్రదర్శనశాలలో సింహపు పిల్లలకు ఎముక లేని గుఱ్ఱపు మాంసము పెట్టుచుండగా, వాని కాళ్లు వంకరపోయి చనిపోవుచుండెను. 1889లో జాన్ బ్లాండ్-సట్టన్ అను వైద్యుడు వాని ఆహారమున నలుగగొట్టిన ఎముకలను, పాలను, కాడ్ అను చేప కాలేయపు నూనెను చేర్పించెను. కొద్ది మాసములలోనే ఆ పిల్లలు కోలుకొనెను. మృగరాజు బిడ్డకే వట్టి మాంసము చాలలేదన్నచో, ఇక కుక్కపిల్ల మాట చెప్పనేల?

అట్లని ధాన్యము మాత్రమే పెట్టినను చాలదు. ఎడ్వర్డ్ మెలన్‌బీ అను శాస్త్రజ్ఞుడు 1919 ప్రాంతమున ఇంగ్లండులో కుక్కపిల్లలను ఎండ తగులని చోట నుంచి, ఓట్సు జావ మొదలైన ధాన్యాహారముతో పెంచగా వానికి రికెట్స్ అను ఎముకల వ్యాధి వచ్చెను. చేపనూనె పోయగా నయమయ్యెను. ఆ పరిశోధన వలననే మనుష్య శిశువుల రికెట్స్ వ్యాధికి ఆహారలోపము కారణమని తేలినది. మొక్కజొన్న ముఖ్యాహారముగా తిను కుక్కలకు నాలుక నల్లబడు వ్యాధి వచ్చెడిది. 1937లో అమెరికాలో కాన్రాడ్ ఎల్వెజెమ్ నికొటినిక్ ఆమ్లముతో దానిని మాన్పెను. మనుష్యులకు వచ్చు పెలాగ్రా వ్యాధికి మందు దొరకినది ఆ దారినే. మన దక్కను ప్రాంతమున జొన్నకూటితో కాలము గడుపు పేదలకును పెలాగ్రా వచ్చుచుండుటచే, 1960-70 నడుమ హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున దానిపై పరిశోధనలు జరిపిరి. నోరులేని కుక్కలు ఈ విధముగా మన బిడ్డల నెందఱినో కాపాడినవి. వాని తిండి విషయమున మనము శ్రద్ధ వహించుట ఋణము తీర్చుకొనుటయే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, పచ్చిమాంసము వెంట వచ్చు రోగముల సంగతి. పచ్చిమాంసమున సాల్మొనెల్లా, లిస్టీరియా మొదలైన సూక్ష్మజీవు లుండవచ్చును. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ పాలనాసంస్థ 2010 మొదలు 2012 వఱకు జరిపిన పరీక్షలలో, పెంపుడు జంతువులకై అమ్ము పచ్చి ఆహారపు నమూనాలు 196 చూడగా, 15 నమూనాలలో సాల్మొనెల్లాయు, 32 నమూనాలలో లిస్టీరియాయు కనబడెను. గడ్డకట్టునట్లు చల్లబఱచినను ఈ సూక్ష్మజీవులు నశింపవు. చక్కగా ఉడికించినపుడే నశించును. కుక్క ఆరోగ్యముగా కనబడుచునే వీనిని తన మలములో విడువవచ్చును. అది నాకిన చేతితో పసిబిడ్డ మిఠాయి తిన్నచో రోగము బిడ్డకు సంక్రమించును. అందుచేతనే అమెరికా పశువైద్య సంఘము పచ్చి మాంసాహారము కుక్కలకు, పిల్లులకు పెట్టవలదని 2012లో సలహా ఇచ్చెను.

మన దేశమున దీనికంటె భయంకరమైనది మఱియొకటి కలదు. అది హైడటిడ్ వ్యాధి. దీనికి కారణమైన బద్దెపురుగు బియ్యపుగింజ పొడవైనను మించదు. అది కుక్క ప్రేగులలో నివసించును. దాని గ్రుడ్లు కుక్క మలముతో పచ్చికపై పడును. ఆ పచ్చికను మేసిన గొఱ్ఱెల కాలేయమునందు, ఊపిరితిత్తులయందు నీటితిత్తులు పుట్టును. గొఱ్ఱెను కోసినపుడు ఆ తిత్తులున్న భాగమును పనికిరాదని కుక్కకు విసరివేయుదురు. కుక్క దానిని పచ్చిగా తిన్నంతనే పురుగులు మరల దాని ప్రేగులలో పెరుగును. ఈ చక్రము నడుమ మనుష్యుడు చిక్కుకొనును. కుక్కను నిమిరి చేతులు కడుగుకొనక అన్నము తినువానికడుపులోనికి ఆ గ్రుడ్లు చేరి, కాలేయములో తిత్తి యేర్పడి, ఏండ్ల తరబడి తెలియకుండ పెరుగును. తుదకు శస్త్రచికిత్స చేయవలసి వచ్చుటయు కలదు. గొఱ్ఱెల మందలు హెచ్చుగా నుండు మన ఆంధ్రదేశపు ప్రాంతములకు ఈ వ్యాధి క్రొత్తది కాదు.

ఈ చక్రమును త్రెంచుట అసాధ్యమా? కాదు. ఐస్లాండు ద్వీపమున పూర్వ మీ వ్యాధి ఘోరముగా వ్యాపించి యుండెను. 1863లో హరాల్డ్ క్రాబ్బె అను డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అచ్చటికి పోయి కుక్కలను పరీక్షింపగా, వానిలో నాలుగవవంతుకు మించి ఈ పురుగు కలిగి యుండెను. తిత్తులున్న అవయవములను కుక్కలకు వేయరాదనియు, వానిని నాశనము చేయవలెననియు ప్రజలకు పుస్తకము ద్వారా బోధించిరి. పిమ్మట చట్టము చేసిరి. ఆ దేశీయులు చదువరులు, చదివినదానిని ఆచరించిరి. ఇరువదవ శతాబ్దిలో ఆ వ్యాధి ఆ ద్వీపమును విడిచిపోయినది. గొప్ప ఔషధము కనిపెట్టుటచే గాక, కుక్కకు ఏమి వేయరాదో తెలిసికొనుటచే ఒక దేశము బాగుపడినది.

ఇక మనము చేయదగిన దేమి? మాంసము పెట్టదలచినవారు దానిని ఉడికించి పెట్టవలెను. ఉడికించుటవలన మాంసకృత్తులు నశించిపోవు. మాంసముతో పాటు అన్నమో సంకటియో, ఉడికిన కూరగాయలో, ఉడికిన గ్రుడ్డో కలుపవలెను. కాల్షియము ఎంత చేర్పవలెనో, ఎదుగు పిల్లలకు విశేషముగా, పశువైద్యు నడిగి తెలిసికొనవలెను. ఉడికిన ఎముకలు పెళుసై చీలి గొంతులో, ప్రేగులలో గ్రుచ్చుకొనును, వానిని వేయరాదు. పచ్చి ఎముకలు కొఱుకుటచే పండ్లు శుభ్రపడుట నిజమే యైనను, పండ్లు విఱుగుటయు, ముక్క అడ్డుపడుటయు కలదు. మన పులుసన్నములోని ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణములను చెఱచును. ద్రాక్ష, చాకొలేటు విషతుల్యములు. వైద్యుడు చెప్పిన కాలమున పురుగుల మందు వేయింపవలెను. కుక్కను తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొనవలెను.

మా వీథిలోని కుక్కపిల్ల బ్రతికెను. వైద్యుడు చెప్పినట్లు ఆహారము మార్చి, కొంతకాలము మెట్లెక్కనీయక కాపాడగా, అది మరల నిలబడి నడువసాగెను. కాని కుడి ముందుకాలి వంక మాత్రము పూర్తిగా పోలేదు. ఇప్పటికిని ఆ గృహస్థుడు దానిని వెంటబెట్టుకొని నడచునపుడు, అది కొంచెము కుంటుచు, ఆయన ముఖము వంక చూచి తోక ఆడించును. ఆయన పొరపాటును అది ఎన్నడును లెక్క పెట్టలేదు. ఆయన మాత్రము మఱచిపోలేదు. “ప్రేమ యుండిన చాలుననుకొంటిని, మాస్టరుగారూ! తెలిసికొనుట కూడ ప్రేమలో భాగమే యని ఇది కుంటుచు నాకు నేర్పినది” అని ఆయన ఒకనాడు నాతో ననెను.

మనము పెట్టినది తినుటయే గాని, ఇది నాకు సరిపడదని చెప్పుటకు కుక్కకు నోరు లేదు. కావున దాని పక్షమున విచారించి తెలిసికొనవలసినవారము మనమే.