ఈతలో దమ్ము: శ్వాసక్రమం, సాధన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఈతగాని సామర్థ్యాన్ని చెప్పడానికి తెలుగువారు తరచుగా వాడే మాట ‘దమ్ము’. ఊపిరి బిగబట్టి నీటిలో ఎక్కువసేపు మునిగి ఉండడమే దమ్ము అనే భావన ఈ వాడుక వెనుక కనిపిస్తుంది. దూరం ఈదడానికి కావలసిన ఓర్పు దీనికి భిన్నమైనది. ఊపిరిని క్రమంగా విడవడం, శరీరాన్ని నీటిపై సమంగా నిలపడం, విరామాలతో సాధన చేయడం అనే మూడు అంశాలు ఆ ఓర్పును ఎలా పెంచుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఈత, దమ్ము, ఓర్పు, రేచకం, బారల లెక్క, విరామసాధన.

1. ఉపోద్ఘాతం:
తెలుగు పల్లెల్లో మోటబావులు, చెరువులు, కాలువలే ఈతబడులు. పిల్లలు నడుముకు జీలుగబెండ్లనో, ఎండిన సొరకాయబుర్రలనో కట్టుకొని ఈత నేర్చేవారు. ఈతలో ఆరితేరినవాణ్ణి ‘గజఈతగాడు’ అనడం నేటికీ వాడుకలో ఉంది. బావిలో నేర్చిన ఈత తేలడానికి, దగ్గరి ఒడ్డు చేరడానికి సరిపోతుంది. ఆగకుండా కిలోమీటరు ఈదడానికి మాత్రం ప్రత్యేకమైన సాధన అవసరం. నేలపై పరుగెత్తి అలసినవాడు నిలబడి సేదతీరవచ్చు. నడినీటిలో అలసినవానికి ఆ అవకాశం లేదు. అందువల్ల ఈతలో ఓర్పు పోటీలకే పరిమితమైన విషయం కాదు, ప్రాణరక్షణకు కూడా సంబంధించినది.

2. ‘దమ్ము’ - అర్థపరిశీలన:
పారసీకంలో ‘దమ్’ అంటే ఊపిరి. ఉర్దూ ద్వారా తెలుగులోకి వచ్చిన ఈ పదానికి ఊపిరితోపాటు సత్తువ, ధైర్యం అనే అర్థాలు కూడా ఏర్పడ్డాయి. ‘దమ్ముంటే రా’ అన్నప్పుడు ధైర్యం, ‘దమ్ము బిగబట్టడం’ అన్నప్పుడు ఊపిరి స్ఫురిస్తాయి. ఒకే మాట ఈ రెండింటినీ చెప్పడం వల్ల, ఊపిరి బిగబట్టడమే బలమనే భ్రమకు తావు ఏర్పడింది. యోగపరిభాషలో ఊపిరి పీల్చడం పూరకం, నిలపడం కుంభకం, విడవడం రేచకం. పై భావన కుంభకానికి పెద్దపీట వేస్తుంది. దూరపు ఈతకు ఆధారం రేచకం.

3. శ్వాసక్రమం:
ఊపిరి బిగబట్టినప్పుడు కలిగే ఉక్కిరిబిక్కిరికి ప్రధానకారణం ఆక్సిజన్ తగ్గడం కాదు, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగడం. ముఖం నీటిలో ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టినవాడు తల పక్కకు తిప్పిన క్షణంలోనే పాత ఊపిరిని విడవాలి, కొత్తది పీల్చాలి. రెండింటికీ ఆ వ్యవధి చాలదు. కొన్ని బారలకే ఆయాసం మొదలవుతుంది. ముఖం నీటిలో ఉన్నప్పుడే ముక్కు, నోటి ద్వారా బుడగలుగా ఊపిరి విడుస్తూ ఉంటే, తల తిప్పినప్పుడు పీల్చడం ఒక్కటే మిగులుతుంది. నడుములోతు నీటిలో గోడ పట్టుకొని ఈ క్రమాన్ని అలవరచుకోవడం శిక్షణలో తొలిమెట్టు.

‘ఎవరు ఎక్కువసేపు మునిగి ఉంటారు’ అనే పందెం సాధన కాదు, ప్రమాదం. మునగడానికి ముందు వేగంగా, పదేపదే గాఢంగా ఊపిరి తీసి వదిలితే కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, పైకి రమ్మనే శరీరపు హెచ్చరిక ఆలస్యమవుతుంది. ఆలోగా ఆక్సిజన్ అడుగంటి స్పృహ తప్పవచ్చు. ఈత బాగా వచ్చినవారు సైతం, నిలబడగలిగే లోతులోనే ఇలా మునిగిపోయే అవకాశం ఉంది.

4. నీటి నిరోధం - బారల లెక్క:
నీరు గాలికంటే దాదాపు 800 రెట్లు సాంద్రమైనది. ఈదే వేగం రెట్టింపైతే నీటి నిరోధం సుమారు నాలుగు రెట్లవుతుంది. అందుకే బలంతో నీటిని గెలవాలనుకునేవాడు త్వరగా అలసిపోతాడు. బావిఈతలో అలవాటైన తల పైకెత్తే పద్ధతి వల్ల నడుము, కాళ్ళు కిందికి దిగి నిరోధం మరింత పెరుగుతుంది. చూపును కొలను అడుగువైపు నిలిపితే శరీరం సమతలంగా ఉంటుంది.

ఈ నేర్పును కొలవడానికి సులభమైన సాధనం బారల లెక్క. 25 మీటర్లను మొదట 22 బారల్లో ఈదినవానికి కొంతసేపటి తరువాత 28 బారలు పట్టాయనుకుంటే, అలసటతో అతని పద్ధతి చెదిరిందని అర్థం. ఆపై ఈదిన దూరం తప్పుడు అలవాటునే బలపరుస్తుంది.

5. విరామసాధన:
ఒకేసారి 1000 మీటర్లు ఈదబోయి మధ్యలో పద్ధతి చెడగొట్టుకోవడం కంటే, 100 మీటర్ల చొప్పున 10 సార్లు, నడుమ 20 సెకన్ల విరామంతో ఈదడం మేలు. దూరం తగ్గదు, పద్ధతి నిలుస్తుంది. తగిన వేగాన్ని నిర్ణయించడానికి శిక్షకులు ఒక లెక్క వాడతారు. ఉదాహరణకు ఒకరు 400 మీటర్లను 10 నిమిషాల్లో, తగినంత విశ్రాంతి తరువాత 200 మీటర్లను 4 నిమిషాల 50 సెకన్లలో ఈదారనుకుందాం. తేడా 310 సెకన్లు. అందులో సగం, అంటే 155 సెకన్లు, వారు ప్రతి 100 మీటర్లకు తీసుకోవలసిన సమయం. సాధన స్థిరపడిన కొద్దీ ముందు విరామాన్ని తగ్గించి, తరువాత దూరాన్ని పెంచాలి. ఒక్కసారిగా పెంచితే భుజాలు దెబ్బతింటాయి.

వారాల తరబడి క్రమం తప్పక ఈదితే గుండె ఒక్కో స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. కండరాల్లో కేశనాళికలు, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా వృద్ధి చెందుతాయి. ఓర్పు అనేది ఈ మార్పుల ఫలితం.

6. దూరపు ఈత - నిదర్శనాలు:
మిహిర్ సేన్ 1958లో ఇంగ్లీష్ ఛానల్‌ను 14 గంటల 45 నిమిషాల్లో ఈదారు. ఆరతి సాహా 1959 ఆగస్టులో విఫలమై, అదే ఏడాది సెప్టెంబరు 29న 16 గంటల 20 నిమిషాల్లో దాన్ని దాటి, ఆ ఘనత సాధించిన తొలి ఆసియా మహిళగా నిలిచారు. హైదరాబాదుకు చెందిన గోలి శ్యామల 2021 మార్చిలో శ్రీలంక, భారత్‌ల నడుమ ఉన్న పాక్ జలసంధిని 13 గంటలకు పైగా ఈది దాటారు. ఇన్ని గంటలు వారిని నడిపించినది ఊపిరి బిగబట్టే శక్తి కాదు, వేలసార్లు తడబడకుండా విడిచి పీల్చే క్రమం.

7. ముగింపు:
ఈతలో దమ్మును ఎంతసేపు మునిగి ఉన్నారన్న దానితో కాక, చివరి బార కూడా మొదటి బారలా పడిందా అన్న దానితో కొలవాలి. కొలనులో ప్రతి మలుపులోనూ గోడ కాస్త ఊతమిస్తుంది. కాలువలో, చెరువులో ఆ ఊతం ఉండదు. కనుక కొలనులో సాధించిన దూరాన్ని నమ్ముకొని ఒంటరిగా అక్కడ దిగరాదు. ఎంత సాధన చేసినవారైనా, ఒడ్డున చూసే మనిషి ఉన్నప్పుడే నీటిలోకి దిగాలి. పిల్లలకు ఈతతోపాటు ఈ జాగ్రత్తను, ఊపిరి విడిచే విద్యను నేర్పినప్పుడే ‘దమ్ము’ అనే మాటకు సరైన అర్థం నిలుస్తుంది.