స్పీకర్ ఆన్ చేయగానే ‘టప్’ అంటోందా? తప్పు స్పీకర్‌ది కాకపోవచ్చు!

సౌండ్‌బార్ గానీ టీవీ గానీ ఆన్ చేయగానే ‘టప్’ అని సౌండ్ వస్తే చాలామంది స్పీకర్ పోయిందనే అనుకుంటారు. చాలాసార్లు సమస్య స్పీకర్‌లో ఉండదు. దాన్ని నడిపే డిజిటల్ యాంప్లిఫయర్ చిప్‌ని సరైన వరుసలో నిద్ర లేపకపోవడమే కారణం.

లోపల ఏం జరుగుతుంది?

ఇలాంటి చిప్‌కి సాధారణంగా రెండు సప్లైలు ఉంటాయి. ఒకటి లాజిక్ కోసం, 3.3 వోల్టులు. రెండోది స్పీకర్‌ని నడిపే పెద్ద వోల్టేజ్. లాజిక్ ఇంకా సెట్ అవకముందే అవుట్‌పుట్ పనిచేయడం మొదలుపెడితే, స్పీకర్ రెండు వైర్ల మధ్య ఒక్క క్షణం వోల్టేజ్ తేడా వస్తుంది. కోన్ ఒక్కసారిగా కదులుతుంది. మనకు వినిపించే ‘టప్’ అదే.

సరైన వరుస ఏంటి?

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీఏఎస్5711 చిప్‌నే తీసుకుందాం. దాని డేటాషీట్ ప్రకారం:

1. డిజిటల్ పిన్నులన్నీ ‘లో’లో ఉంచి, ముందు 3.3 వోల్టుల సప్లై ఇవ్వాలి.
2. పవర్ డౌన్ పిన్ ‘హై’ చేయాలి, రీసెట్ మాత్రం ‘లో’లోనే ఉండాలి. కనీసం 100 మైక్రోసెకన్లు ఆగి రీసెట్ వదలాలి. తర్వాత ఇంకో 13.5 మిల్లీసెకన్లు ఆగాలి.
3. చిన్న సప్లై 3 వోల్టులు దాటాక కూడా కనీసం 100 మైక్రోసెకన్ల పాటు పెద్ద సప్లై 6 వోల్టుల లోపే ఉండాలి. ఆ తర్వాతే దాన్ని 8 వోల్టులకు పైగా తీసుకెళ్లాలి.
4. ఐటూసీ ద్వారా ఆసిలేటర్ ట్రిమ్ కమాండ్ పంపి, 50 మిల్లీసెకన్లు ఆగాలి.
5. ఈక్వలైజర్, వాల్యూమ్ సెట్టింగ్స్ అన్నీ లోడ్ చేశాక, చివర్లో షట్‌డౌన్ నుంచి బయటికి తేవాలి.

పైన చెప్పిన కనీస వెయిటింగ్ సమయాలు కలిపితే 64 మిల్లీసెకన్లు దాటవు. ఇంకో విషయం, రీసెట్ చేస్తే రిజిస్టర్లు డిఫాల్ట్‌కి వెళ్లిపోతాయి. కాబట్టి ప్రతి రీసెట్ తర్వాత సెట్టింగ్స్ మళ్లీ లోడ్ చేయాల్సిందే.

ఆఫ్ చేసేటప్పుడు కూడా వరుస ఉంది. టైమ్ ఉంటే ముందు చిప్‌ని షట్‌డౌన్‌లోకి పంపాలి, అకస్మాత్తుగా పవర్ పోతే మాత్రం పవర్ డౌన్ పిన్ ‘లో’ చేసి కనీసం 2 మిల్లీసెకన్లు ఆగాలి. తర్వాత రీసెట్, ఆ తర్వాతే సప్లైలు తీసేయాలి. ప్లగ్ పీకేస్తే మామూలు షట్‌డౌన్‌కి టైమ్ దొరక్కపోవచ్చు.

చిన్న చిప్‌ల సంగతి?

రాస్‌ప్‌బెర్రీ పై ప్రాజెక్టుల్లో ఎక్కువగా కనిపించే మ్యాక్స్98357ఏకి ఐటూసీ లేదు, ఒక షట్‌డౌన్ పిన్ ఉంటుంది అంతే. క్లాక్ రాకముందే ఆ పిన్ వదిలితే ‘టప్’ రావచ్చు. అందుకే దాని లైనక్స్ డ్రైవర్‌లో ఆ పిన్ కోసం డిలే సెట్టింగ్ పెట్టారు. 5 మిల్లీసెకన్లు సరిపోతుందని డాక్యుమెంటేషన్‌లోనే ఉంది.

మరి మీరేం చేయాలి?

• వాల్యూమ్ తగ్గించినా ‘టప్’ అంతే ఉందా? అయితే అది పాటలోంచి కాదు, అవుట్‌పుట్ స్టేజ్ నుంచి వస్తున్నట్టే.
• కాసేపు ఆపి మళ్లీ ప్లే చేసిన ప్రతిసారీ వస్తోందా? పవర్ సేవింగ్‌లోకి వెళ్లిన చిప్ మళ్లీ లేస్తోందేమో చూడండి.
• ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉంటే ముందు అది చేయండి. డిలే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దాంతోనే పోవచ్చు.
• ముందు రిమోట్‌తో ఆఫ్ చేసి, తర్వాతే స్విచ్ కట్టేయండి.
• కోన్ కంటికి కనిపించేంతగా ఎగురుతోందా? రిటర్న్ గడువు దాటకముందే వీడియో తీసి వెనక్కి ఇచ్చేయండి. అలా రోజూ కొట్టుకుంటే చిన్న స్పీకర్లకు మంచిది కాదు.