నేరం చేయలేదు, అయినా లోపల పెట్టారు: ఇది ఎలా కుదిరింది?

ఇవాళ ఒక ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక మనిషి దొంగతనం చేయలేదు, ఎవర్నీ కొట్టలేదు. అలాంటి మనిషిని ప్రభుత్వం ఏళ్ల తరబడి లోపల ఉంచొచ్చా? "అదెలా కుదురుతుంది?" అంటారు కదా. కుదిరింది. మన దేశంలోనే, రెండు రకాల మనుషుల విషయంలో. ఇల్లు లేనివాళ్లు, "నువ్వు ఈ దేశం మనిషివి కాదు" అనిపించుకున్నవాళ్లు.

ముందు మన హైదరాబాద్ సంగతి చూద్దాం. 2017 నవంబర్‌లో గ్లోబల్ ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ సమ్మిట్ జరిగింది, ఇవాంకా ట్రంప్ వచ్చారు, గుర్తుందా? ఆ నెలలోనే సిటీ రోడ్ల మీద అడుక్కోవడాన్ని పోలీసులు రెండు నెలల పాటు నిషేధించారు. దొరికినవాళ్లను జైళ్ల శాఖ ఏర్పాటు చేసిన ఆశ్రమాలకు తరలించారు. అక్కడ తిండి, పడక ఉండొచ్చు. కానీ "నేను వెళ్లిపోతాను" అంటే గేటు తీస్తారా? అసలు ప్రశ్న అది.

ఇప్పుడు ఢిల్లీకి వెళ్దాం. అక్కడ 1959 నాటి బాంబే భిక్షాటన నిరోధక చట్టం నడిచేది. అందులో "అడుక్కోవడం" అంటే ఏంటో తెలుసా? చేయి చాపడం ఒక్కటే కాదు. డబ్బుల కోసం రోడ్డు మీద పాట పాడినా, జోస్యం చెప్పినా అదే. ఇంకా విచిత్రం, బతకడానికి కనిపించే ఆధారం లేకుండా, అడుక్కునేవాడిలా తిరుగుతున్నా చాలు. అంటే ఆ రోజు కూలి దొరక్క, మాసిన బట్టలతో ఫుట్‌పాత్ మీద కూర్చున్న మనిషి కూడా దొరికిపోవచ్చు. వారెంట్ అక్కర్లేదు. మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్లు నిర్బంధం. మళ్లీ దొరికితే పదేళ్ల దాకా.

ఈ చట్టం మీద మాజీ ఐఏఎస్ అధికారి హర్ష్ మందర్, మరికొందరు కోర్టుకి వెళ్లారు. 2018 ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు అడుక్కోవడాన్ని నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. కోర్టు వాదన సింపుల్. తిండి, గూడు ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అది ఇవ్వలేకపోయి, లేదన్నందుకు ఆ మనిషినే పట్టుకెళ్తే ఎలా? అయితే పిల్లలతోనో, ఇంకెవరితోనో బలవంతంగా అడుక్కునేలా చేయించేవాళ్ల మీద చర్యలు మాత్రం అలాగే ఉంచింది. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈ తీర్పు ఢిల్లీకే. మన దగ్గర 1977 నాటి వేరే చట్టం ఉంది. ఢిల్లీ తీర్పుతో అది దానంతట అదే పోదు.

ఇక రెండో కథ, అస్సాం. అక్కడ ఒకరు విదేశీయులా కాదా అని తేల్చేవి ఫారినర్స్ ట్రిబ్యునల్స్. మామూలు కేసులో నేరం చేశావని పోలీసులు రుజువు చేయాలి. ఇక్కడ రివర్స్. 1946 నాటి విదేశీయుల చట్టం ప్రకారం "నేను భారతీయుణ్ణే" అని ఆ మనిషే రుజువు చేసుకోవాలి. వరదల్లో ఇల్లే కొట్టుకుపోయినవాడు తాతల నాటి కాగితం ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఓడిపోతే డిటెన్షన్ సెంటరే. చాలాకాలం అవి జైళ్లలోనే ఉండేవి.

"విదేశీయుల్ని పంపే హక్కు దేశానికి లేదా?" అని మీరు అడగొచ్చు. ఉంది. కానీ నిర్బంధం ఎందుకు? పంపించడం కోసం. ఎక్కడికి పంపాలో తెలియనప్పుడు, ఆ నిర్బంధానికి ముగింపు ఏది? ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడా మొదట పిటిషన్ వేసింది హర్ష్ మందరే. 2019 మేలో కోర్టు, మూడేళ్లు దాటినవాళ్లను లక్ష రూపాయల చొప్పున ఇద్దరి షూరిటీతో వదలొచ్చంది. లక్ష ఎవరిస్తారు? 2020 ఏప్రిల్‌లో, కరోనా టైమ్‌లో, దాన్ని రెండేళ్లకు, 5,000 రూపాయలకు తగ్గించింది. 2024 జూలైలో ఇంకో కేసులో, ఆధారం ఏమీ లేకుండా ఉత్త అనుమానంతో ఎవర్నీ ట్రిబ్యునల్‌కి లాగకూడదని చెప్పింది. 2025 ఫిబ్రవరిలో, అడ్రస్ తెలియదంటూ 63 మందిని మాటియా క్యాంపులో ఉంచేసిన అస్సాం ప్రభుత్వాన్ని "ముహూర్తం కోసం చూస్తున్నారా?" అని నిలదీసింది. అదే ఏడాది సెప్టెంబర్ నుంచి పాత చట్టం పోయి కొత్తది వచ్చింది. కానీ రుజువు భారం మాత్రం ఆ మనిషి మీదే ఉంది.

రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట జేబులో డబ్బు లేదు, ఇంకోచోట చేతిలో కాగితం లేదు. ఇద్దరూ చేసిన పని వల్ల కాదు, లేనిదాని వల్ల లోపలికి వెళ్లారు.

మరి మన చేతిలో ఏముంది? రాజ్యాంగంలో ఆర్టికల్ 21 ప్రాణానికి, స్వేచ్ఛకి రక్షణ ఇస్తుంది. అది "పౌరుడు" అనదు, "ఏ వ్యక్తికైనా" అంటుంది. ఎవర్నైనా అక్రమంగా పట్టుకుంటే హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయొచ్చు. అంటే "ఆ మనిషిని మా ముందుకు తీసుకురండి, ఎందుకు పట్టుకున్నారో చెప్పండి" అని కోర్టు అడగడం. కస్టడీలో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయర్ దొరుకుతారు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మీకు అవసరం రాకపోవచ్చు. మీ వీధి చివర ఫుట్‌పాత్ మీద పడుకునే పెద్దాయనకి రావచ్చు, ఆయన దగ్గర ఫోన్ ఉండదు.

ఇవాళ్టికి ఇంతే. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.