కెర్నల్‌లో చిన్న ఫంక్షన్లు: పిలవాలా, కలిపేయాలా?

మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచేది లినక్స్ కెర్నలే. దాని సోర్స్ కోడ్‌లో ఏ మూల తెరిచినా ఒకటి రెండు వరుసల బుల్లి ఫంక్షన్లు కుప్పలుగా కనిపిస్తాయి. కొన్ని చిన్న ప్రశ్నకు జవాబు చెబుతాయి. కొన్ని తమకు అందిన విలువలను ఇంకో ఫంక్షన్‌కి అందించి పక్కకు తప్పుకుంటాయి. ఈ రెండో రకాన్నే ర్యాపర్లు అంటారు.

జాబితా ఖాళీగా ఉందా లేదా చెప్పే ‘లిస్ట్_ఎంప్టీ’నే చూడండి. కెర్నల్ జాబితాలు గుండ్రంగా తిరిగొస్తాయి. తల దగ్గరున్న ‘తర్వాతిది’ అనే పాయింటర్ మళ్లీ తలనే చూపిస్తే జాబితా ఖాళీ అన్నమాట. అంతకుమించి ఆ ఫంక్షన్ చేసే పనేమీ లేదు. ఇంత చిన్న పనికీ ఒక పేరు పెట్టింది చదివేవాళ్ల కోసం. రేపు లోపలి ఏర్పాటు మారినా ఒక్కచోట దిద్దితే సరిపోతుంది.

అయితే పిలుపుకి ఖర్చుంది. ఎక్స్86 64-బిట్ ప్రాసెసర్లలో మామూలు ‘కాల్’ ఆదేశమే 5 బైట్లు. తిరిగి రావాల్సిన చిరునామాను స్టాక్‌లో దాచాలి, పని కాగానే వెనక్కి రావాలి. కంటికి కనిపించని ఖర్చు ఇంకోటుంది. అక్కడి 16 సాధారణ రిజిస్టర్లలో తొమ్మిదింటిని పిలిపించుకున్న ఫంక్షన్ తన ఇష్టంగా వాడుకోవచ్చు. అందుకే వాటిలో అవసరమైన విలువలేమైనా ఉంటే, పిలవకముందే కంపైలర్ వాటిని వేరేచోట భద్రం చేయాలి. దీనికి తోడు 2022లో బయటపడ్డ ‘రెట్‌బ్లీడ్’ లోపం వల్ల కొన్ని ప్రాసెసర్లలో వెనక్కి వచ్చే దారికీ కాపలా పెట్టాల్సి వచ్చింది. పిలుపు మరింత బరువెక్కింది.

పిలుపు తీసేసి, ఫంక్షన్‌లోని కోడ్‌ను పిలిచిన చోటే పరిచేయడమే ఇన్‌లైన్ చేయడం. చిటికెడు ఉప్పు కోసం ప్రతిసారీ కొట్టుకు పరుగెత్తలేక డబ్బాను పొయ్యి పక్కనే పెట్టుకుంటాం కదా, అలాంటిదే ఇది.

పిలుపు తప్పడం ఒక్కటే లాభమైతే ఇంత చర్చ అక్కర్లేదు. అసలు లాభం కంపైలర్‌కి రెండు వైపులా ఒకేసారి కనబడటంలో ఉంది. కెర్నల్‌లో మెమరీ అడిగే ‘కేమాలాక్’ దీనికి చక్కటి ఉదాహరణ. 32, 64, 96, 128 బైట్లు, ఇలా కొన్ని కొలతల్లో ముక్కలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఎవరైనా 100 బైట్లు అడిగితే 128 బైట్ల ముక్క ఇవ్వాలి. ఏ కొలతో తేల్చడానికి లోపల వరసగా పోలికలున్నాయి. ఇన్‌లైన్ కావడం వల్ల, 100 అన్నది కోడ్‌లోనే రాసిపెట్టిన సంఖ్య అయితే ఆ పోలికలన్నీ కంపైలర్ ముందే తేల్చేస్తుంది. తయారైన కోడ్‌లో వాటి ఆనవాలే ఉండదు. అడిగే కొలత నడిచేటప్పుడు మాత్రమే తెలిసేదైతే మామూలు ఫంక్షన్‌ను పిలుస్తుంది.

అలాగని అన్నిటినీ కలిపేస్తే నష్టపోతాం. ప్రాసెసర్‌కి అతి దగ్గరలో ఆదేశాలు దాచుకునే చోటు చాలా యంత్రాల్లో 32 కిలోబైట్లే. ఇరవై వరుసల ఫంక్షన్‌ను వంద చోట్ల పరిస్తే, నిజంగా అవసరమైన కోడ్ అక్కడి నుంచి బయటికి పోతుంది. దాన్ని మళ్లీ దూరపు మెమరీ నుంచి తెచ్చుకునేసరికి పిలుపుల్లో మిగిలింది కాస్తా ఖర్చయిపోతుంది. కెర్నల్ స్టాక్ కూడా ఇరుకే, 64-బిట్ ఎక్స్86లో 16 కిలోబైట్లు. పెద్ద స్థానిక చరరాశులున్న ఫంక్షన్లు కలిసిపోతే ఆ భారం పిలిచినవాటి మీద పడుతుంది. పైగా కలిసిపోయిన ఫంక్షన్‌లో తప్పు దొరికితే, నడుస్తున్న కెర్నల్‌కి లైవ్ ప్యాచ్ వేసేవాళ్లు అది చేరిన ప్రతి ఫంక్షన్‌నూ మార్చాలి. అందుకే కెర్నల్ కోడ్ రాసే పద్ధతుల పత్రం విచ్చలవిడి ఇన్‌లైన్‌ను ఒక జబ్బుగా పేర్కొంటూ, మూడు వరుసలు దాటిన ఫంక్షన్లకు ఆ మాట తగిలించొద్దని చెబుతుంది. ‘కేమాలాక్’ లాంటివాటికి మాత్రం మినహాయింపు ఇచ్చింది.

ఇంతకీ నిర్ణయం ఎవరిది? ‘ఇన్‌లైన్’ అని రాయడం కంపైలర్‌కి సలహా మాత్రమే. చాలాకాలం పాటు కెర్నల్ దాన్ని ఆజ్ఞగా మార్చి వాడింది. 2019 నుంచి తీర్పును కంపైలర్‌కే వదిలేసింది. ఆ తీర్పూ ఒక్కోసారి తప్పుతుంది. కోడ్ మధ్యలో అసెంబ్లీ ఉంటే జీసీసీ కంపైలర్ దాని పరిమాణాన్ని వరుసలు లెక్కపెట్టి అంచనా వేస్తుంది. తుది ఆదేశం ఒక్కటే అయినా, చుట్టూ వేరే విభాగాల్లోకి వెళ్లే సమాచారం పది వరుసలుంటే దాన్ని పెద్దదిగా భావించి కలపడం మానేస్తుంది. దీన్ని సరిదిద్దడానికి 2019లో వచ్చిన జీసీసీ 9లో ‘ఏఎస్ఎం ఇన్‌లైన్’ అనే సదుపాయం చేర్చారు.

కొన్నిచోట్ల మాత్రం సలహా చాలదు, తప్పక కలపాల్సిందే. యూజర్ ప్రోగ్రామ్ నుంచి కెర్నల్‌లోకి అడుగుపెట్టే తొలి క్షణాల్లో ట్రేసింగ్ లాంటి పరిశీలన సాధనాలు నడవకూడదు. అందుకు సరిపడా ఏర్పాట్లు అప్పటికింకా పూర్తి కావు. ఆ దశలో వాడే చిన్న ర్యాపర్‌ను కంపైలర్ విడి ఫంక్షన్‌గా ఉంచేస్తే, నిషేధించిన కోడ్ నడిచే ప్రమాదముంది. తయారైన కోడ్‌ను తనిఖీ చేసే ‘ఆబ్జ్‌టూల్’ దాన్ని పట్టుకుని హెచ్చరిస్తుంది. అప్పుడు ఆ ర్యాపర్‌కి ‘ఆల్వేస్_ఇన్‌లైన్’ అని గట్టిగా రాస్తారు. అక్కడది వేగం కోసం కాదు, సరిగ్గా పనిచేయడం కోసం.

కాబట్టి మూడు వరుసలన్నది గుర్తు మాత్రమే, కొలబద్ద వేరే ఉంది. కలిపేశాక పిలిచిన చోట కోడ్ తగ్గిందా, పెరిగిందా? తగ్గితే సందేహించక్కర్లేదు. పెరిగితే, ఆ దారి ఎంత తరచుగా నడుస్తుందో చూపించి మరీ సమర్థించుకోవాలి. మార్పుకి ముందూ తర్వాతా పరిమాణాలను పోల్చి చూపే ‘బ్లోట్-ఓ-మీటర్’ కెర్నల్ సోర్స్‌తోనే వస్తుంది. కోట్ల యంత్రాల్లో నడిచే కోడ్‌లో ఒక్క మాట చేర్చేముందు ఆ సాధనాన్ని ఓసారి నడిపి చూడటం కనీస బాధ్యత.